ట్రే ఎప్పుడొస్తుంది భాయ్?

పోయిన నెల ఇదే పేజీలో హైదరాబాద్ ఇరానీ హోటళ్ల గురించి, పాత బేకరీల గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో "అడ్రస్ కాదు, వేళ కనుక్కోండి" అన్నాను, అంటే సరుకు బట్టీలోంచి దిగే వేళ. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు నిజమే అన్నారు. ఎక్కువమంది మాత్రం "అడ్రస్‌లు చెప్పమంటే వేదాంతం చెబుతారేంటి" అని తగులుకున్నారు. సరే, ఈసారి అడ్రస్‌లు కూడా చెబుతాను, వేళలతో సహా.

నమస్తే అన్నా. వచ్చే ఆదివారం కరీంనగర్ నుంచి కారులో హైదరాబాద్ వస్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. షాపింగ్ లేదు, చుట్టాలిళ్లు లేవు, పొద్దున్నుంచి రాత్రి దాకా తినడానికే రావడం. బిర్యానీ మాత్రం చెప్పకండి, అది మా దగ్గర కూడా దొరుకుతుంది. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.
— ఇద్దరు పిల్లల తల్లి, కరీంనగర్

తినడానికే వస్తున్నాం అని ధైర్యంగా రాసినందుకు ముందు మీకో దండం అమ్మా. మామూలుగా అందరూ గుడికనో ఆస్పత్రికనో చెప్పి వస్తారు.

తెల్లవారుజామున నాలుగింటికల్లా బయల్దేరండి. పిల్లలు గొణుగుతారు, పర్వాలేదు, కార్లో పడుకుంటారు. ఏడున్నర లోపు చార్మినార్ దగ్గరుంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే గాజుల దుకాణాలు తెరిచాక అక్కడ కాలు పెట్టడానికే చోటుండదు, ఇంక చాయ్ ఏం తాగుతాం. మక్కా మసీదు పక్కనే నిమ్రా కేఫ్. కూర్చుని తీరిగ్గా తాగే చోటు కాదది, కప్పు చేతిలో పట్టుకుని చార్మినార్‌ని చూస్తూ నిలబడాలి. అందుకని అత్తమ్మ కోసం డిక్కీలో ఒక మడత కుర్చీ పడేసుకు రండి. నవ్వకండి, నేను మా అమ్మని అలాగే తీసుకెళ్లేవాణ్ని, చాయ్ ఇచ్చే అబ్బాయే వచ్చి కుర్చీ సర్దేవాడు. అద్దాల వెనక పేర్చినవి చూసి తొందరపడకుండా "ఇప్పుడు గరం ఏముంది భాయ్" అని అడగండి. ఉస్మానియా బిస్కెట్టు బట్టీలోంచి దిగిన పావుగంటకి ఇంకా పూర్తిగా కరకరలాడదు, వేడి సున్నుండలాగా నోట్లో విడిపోతుంది. డబ్బాలో కొన్న బిస్కెట్టుకి ఆ రుచి ఎన్నటికీ రాదు.

అక్కణ్నుంచి గుల్జార్ హౌజ్ వైపు కొంచెం నడిస్తే గోవింద్ దోశ బండి. వెన్న బాగా దట్టిస్తాడు, ఐదుగురికి రెండు దోశలు చాలు. ఇదొక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఆ రోజంతా ఎక్కడికెళ్లినా మనుషులెంతమందో అందులో సగం ప్లేట్లే చెప్పండి. మొదటి చోటే కడుపు నింపేసుకుని పదకొండింటికి కార్లో నిద్రపోయిన కుటుంబాలని చాలా చూశాను, అందులో మాదీ ఒకటి.

తర్వాత పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్. 1851లో మొదలైంది అది, ఈ మధ్య చోటు మారింది కాబట్టి ఇప్పుడెక్కడో కనుక్కుని వెళ్లండి. గుండ్రంగా కాదు, నాలుగు మూలలతో ఉంటుంది, అందుకే చార్ కోనీ నాన్ అంటారు. నేలలోకి దిగినట్టుండే మట్టి బట్టీ గోడకి అతికించి కాలుస్తారు. పాతబస్తీ వాళ్లు దాన్ని పాయాతోనో నిహారీతోనో తింటారు, పిల్లలకి మాత్రం వట్టిదే వేడివేడిగా చింపి చేతికివ్వండి. కరీంనగర్ తీసుకెళ్దామని పది కట్టించుకోవద్దు, ఇంటికి చేరేసరికి అట్టముక్కలవుతాయి.

మధ్యాహ్నం ఏమీ తినొద్దు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి, సెలవు శుక్రవారమే, ఆదివారం తెరిచే ఉంటుంది. పన్నెండు కొట్టేలోపు ఆ గడియారం ముందు పిల్లల్ని కూర్చోబెడితే, లోపల్నుంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలు కొట్టడం చూస్తారు, మీకూ అరగంట విశ్రాంతి.

నాలుగింటికి మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్. ఈ మధ్య శుభ్రంగా బాగుచేశారు కూడా. లోపల ఫేమస్, షా, బిలాల్ అని ఐస్‌క్రీమ్ దుకాణాలు వరసగా ఉంటాయి. ఏది బాగుంటుందని మాత్రం నన్ను అడక్కండి, ఇంట్లో గొడవలైపోతాయి. ఏ పండు కాలమో చూసి అదే చెప్పండి: దసరా ముందూ వెనకా అయితే సీతాఫలం, ఎండాకాలం అయితే మామిడి. కాలం కాని కాలంలో సీతాఫలం అడిగితే ఇస్తారు, కానీ అది ఫ్రీజర్‌లో దాచిన గుజ్జు.

చీకటి పడే ముందు రెడ్‌హిల్స్‌లో కేఫ్ నీలోఫర్. బన్ మస్కా, చాయ్. అత్తమ్మకి కూర్చోవడానికి చోటుంటుంది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి అదే హోటల్లో పనికుర్రాడిగా చేరిన మనిషి తర్వాత దానికే యజమాని అయ్యాడని పిల్లలకి చెప్పండి. ఇక ఇంటికి.

సార్, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బిస్కెట్లు వారం తిరక్కుండానే మెత్తబడిపోతున్నాయి. అదే బ్రెడ్ అయితే గట్టిపడుతోంది. రెండూ ఒకే బేకరీవి, రెండూ మైదావే కదా, ఇదేం విడ్డూరం?
— విశాఖపట్నం నుంచి ఒక లెక్కల మాస్టారు

బాగా గమనించారు మాస్టారూ, నన్నీ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

బిస్కెట్టుని బట్టీలో దాదాపు తేమ లేకుండా ఎండబెడతారు. కాబట్టి బయటికొచ్చిన క్షణం నుంచీ గాల్లో ఉన్న తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లో అయితే డబ్బా మూత సరిగా పెట్టకపోతే రెండు రోజులు చాలు. బ్రెడ్డు సంగతి వేరు. అందులో తేమ బాగానే ఉంటుంది, కానీ చల్లారుతున్నకొద్దీ పిండిలోని గంజి పదార్థం మళ్లీ బిగుసుకుంటుంది, అదే మనం గట్టిపడింది అనేది. నీళ్లు ఇంకిపోవడం ఒక్కటే కారణం కాదు. ఫ్రిజ్ చలికి ఆ బిగుసుకోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు రోజుల్లో తినేదైతే బయటే ఉంచండి, లేదంటే ముక్కలు కోసి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద కాల్చుకోండి.

మెత్తబడిన బిస్కెట్లని పారేయొద్దు. ఒవెన్ 150 డిగ్రీల మీద ఐదు నిమిషాలు ఉంచి, తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఇంకా మెత్తగానే ఉంటాయి, ఏమీ కాలేదనుకుని మళ్లీ పెట్టి మాడ్చేయకండి. చల్లారాకే కరకర వస్తుంది.

అన్నయ్యగారూ, మా ఇంట్లో గుడ్డు ముట్టరు. బేకరీలో అడిగితే "లేదు మేడమ్" అంటారు, నమ్మొచ్చో లేదో తెలీదు. పిల్లలేమో కేకు కోసం ఏడుస్తారు.
— గృహిణి, గుంటూరు

ప్యాకెట్ అయితే ఆకుపచ్చ గుర్తు చూడండి, గుడ్డు ఉన్న సరుకు మీద ఆ గుర్తు వేయకూడదు. విడిగా అమ్మేవాటితోనే తంటా. మామూలు ఉస్మానియా బిస్కెట్టులో గుడ్డు పడదు: మైదా, వెన్నో డాల్డానో, పంచదార, పాలు, కాస్త ఉప్పు. ఆ ఉప్పే దాని కిటుకు, తియ్యగా మొదలై చివర్లో ఉప్పుగా తగులుతుంది. స్పాంజి కేకులు మాత్రం గుడ్డు లేనివని రాసి ఉంటే తప్ప ఉన్నట్టే లెక్క. "గుడ్డు ఉందా" అని అడిగితే అమ్మేవాడికి కావలసిన జవాబు తెలిసిపోతుంది. "ఎగ్‌లెస్ ఏవి, ఎగ్ ఏవి, విడివిడిగా చూపించండి" అంటే తడుముకోకుండా చూపించేవాణ్నే నమ్మండి.

మన ఊళ్లలో అయ్యంగార్ బేకరీ అని బోర్డులు కనిపిస్తాయి కదా. ఆ సంప్రదాయం కర్ణాటకలోని హాసన్ జిల్లా అయ్యంగార్లది, గుడ్డు లేకుండా చేయడం మీదే వాళ్లకి పేరొచ్చింది. కాకపోతే ఇప్పుడు ఆ బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. బోర్డు కింద అద్దాల పెట్టెలో ఎగ్ పఫ్ కనిపిస్తే సంగతి మీకే తెలుస్తుంది.

కరాచీ బేకరీ మనదా, పాకిస్తాన్‌దా? మా వాట్సాప్ గ్రూపులో పెద్ద యుద్ధం జరుగుతోంది.
— రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

మనదే. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టారు, వదిలేసి వచ్చిన ఊరి పేరు దుకాణానికి పెట్టుకున్నారు. 2019లో బెంగళూరు కొట్టు ముందు గొడవ చేసి ఆ పేరు మీద గుడ్డ కప్పించారు. ఊరొదిలి వచ్చినవాళ్లు ఊరి పేరు తలుచుకోకూడదంటే మన నగరాల్లో సగం హోటళ్లు బోర్డులు దించుకోవాలి. గ్రూపులో ఇది పెట్టండి, యుద్ధం ఆగదు కానీ మీ వంతు అయిపోతుంది.

అంకుల్, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. సాయంత్రం క్లాసుల మధ్య అరగంట గ్యాప్, జేబులో యాభై రూపాయలు. రోజూ ఎగ్ పఫ్ తింటున్నా, ఒక రోజు అదిరిపోతుంది, ఒక రోజు తోలులా సాగుతుంది. షాపు అదే, రేటు అదే.
— గ్రూప్స్ అభ్యర్థి, సొంతూరు సూర్యాపేట

నీకోసమే ఈ పేజీ పెట్టినట్టుంది తమ్ముడూ. షాపు అదే, రేటు అదే, నువ్వు వెళ్లే టైమే మారుతోంది.

పఫ్ అంటే పొరలు. మైదా ముద్దని పరిచి మధ్యలో గట్టి డాల్డా లాంటి కొవ్వు పెట్టి మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి మళ్లీ ఒత్తుతారు. అలా చేయగా చేయగా పిండి, కొవ్వు కాగితాల్లాగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. బట్టీ వేడి తగిలేసరికి పిండిలో ఉన్న నీళ్లు ఆవిరై పైకి తన్నుకొస్తాయి, మధ్యలో కొవ్వు అడ్డు ఉంది కాబట్టి పొరలు అంటుకోకుండా విడివిడిగా లేస్తాయి. ఇదంతా బట్టీలోనే. బయటికొచ్చాక పఫ్ చేసే పని ఒక్కటే, మెత్తబడటం. లోపలున్న ఉల్లిపాయ మసాలా తడి కింది పొరలోకి దిగుతూ ఉంటుంది, పైనేమో బల్బు పెట్టెలో వేడికి ఎండిపోతూ ఉంటుంది. మూడు గంటలు అలా కూర్చున్న పఫ్ పైన పొట్టు, కింద తోలు. కర్రీ పఫ్ ఇంకా త్వరగా పాడవుతుంది, దాంట్లో కూర తడి ఎక్కువ. అందుకే వేళ దాటిపోయిందని తెలిస్తే కర్రీ పఫ్ జోలికి పోకుండా ఖారా బిస్కెట్ తీసుకో, అదీ పొరలదే, లోపల కూర లేదు కాబట్టి రోజంతా అలాగే ఉంటుంది.

చాలా చోట్ల సాయంత్రం సరుకు మూడున్నర, నాలుగున్నర మధ్య దిగుతుంది, స్కూళ్లు వదిలే వేళకి. నీ గ్యాప్ ఆరింటికైతే నీకు దొరికేది మిగిలిందే. క్లాస్ మార్చుకోమని చెప్పను కానీ, బేకరీ మార్చుకోవచ్చు: అక్కడే వెనకాల బట్టీ ఉన్నదాన్ని వెతుకు. ఆటోలో ట్రేలు దిగే కొట్టు కన్నా అది నయం. ఎలా తెలుస్తుందంటావా, ఉదయం ఆ సందులోకి వెళ్లి వాసన చూడు.

సౌత్ ఇండియన్ స్టోర్‌లో ఇరానీ చాయ్ పొడి అని అమ్ముతున్నారు, తెచ్చి పెట్టాను, మామూలు టీలాగే ఉంది. ఇంట్లో ఆ రుచి రావాలంటే ఏం చేయాలి బాబాయ్‌గారూ? ఇంకోటి, డిసెంబర్‌లో వస్తున్నాను, తిరిగి వెళ్లేటప్పుడు ఏం తెచ్చుకోవచ్చు?
— ఫ్రిస్కో, టెక్సస్ నుంచి

పొడిలో ఏమీ లేదమ్మా, పెట్టే పద్ధతిలో ఉంది. మనం ఇంట్లో పాలు, నీళ్లు, పొడి అన్నీ ఒకే గిన్నెలో పోసి మరిగిస్తాం. ఇరానీ హోటల్లో డికాషన్ ఒక పొయ్యి మీద, పాలు ఇంకో పొయ్యి మీద, రెండూ కలిసేది కప్పులోనే. డికాషన్ని మూత బిగించి సన్నటి సెగ మీద మగ్గబెడతారు, బిర్యానీకి దమ్ పెట్టినట్టే.

రెండున్నర కప్పుల నీళ్లు, మూడు చెంచాల పొడి, రెండు మూడు చెంచాల పంచదార ఒక గిన్నెలో వేసి, మూత అంచుకి గోధుమపిండి ముద్ద అతికించి, లేదంటే రేకు కాగితం బిగించి, అతి సన్నటి మంట మీద ఇరవై ఐదు నిమిషాలు వదిలేయండి. మధ్యలో మూత తీసి చూడకండి. అరలీటరు చిక్కటి పాలు పక్క పొయ్యి మీద మూడొంతులయ్యే దాకా కాచి, ఒక పెద్ద చెంచాడు కండెన్స్‌డ్ మిల్క్ కలపండి. హోటళ్లలో కొందరు కోవా వేస్తారు. కప్పులో సగం డికాషన్ వడకట్టి, పైన పాలు పోయండి. కలపకుండానే రంగు తేనెలా తిరిగితే కుదిరినట్టు. యాలకులు, అల్లం వేయొద్దు, అవి వేస్తే అది మంచి టీయే కానీ ఇరానీ చాయ్ కాదు.

తీసుకెళ్లడం సంగతి. బిస్కెట్లు, రస్కులు, కేకుల్లాంటి బేకరీ సరుకుతో అమెరికా కస్టమ్స్ దగ్గర మామూలుగా ఇబ్బంది ఉండదు, తినే వస్తువులున్నాయని మాత్రం ముందే చెప్పేయండి. మాంసంతో చేసినవి మాత్రం వద్దు, అంటే లుఖ్మీ, మటన్ పచ్చడి లాంటివి ఇక్కడే కడుపులో వేసుకుని వెళ్లాలి. ఫ్రూట్ బిస్కెట్ డబ్బాలు మోసుకెళ్లడం నాకైతే దండగనిపిస్తుంది, అవి మీ దగ్గర ఇండియన్ స్టోర్లలోనూ దొరుకుతాయి. అక్కడ దొరకనివి తీసుకెళ్లండి: చాంద్ బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు, ఉప్పుగా పొరలుగా ఉండే ఖారా. స్టీలు డబ్బాలో సర్దుకోవాలి, అట్టపెట్టెలో అయితే ఫ్రిస్కోలో దిగేది పొడే.

మా పెళ్లిరోజుకి ఒక కేఫ్‌కి వెళ్తే బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. తీసేయమంటే "సిస్టమ్‌లో తీయడం కుదరదు సార్" అన్నారు. పెళ్లిరోజు కదా అని గొడవ పడలేదు. తప్పు చేశానా?
— ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

నాకూ జరిగింది, పేరు చెప్పను, రెండు పేస్ట్రీలు ఒక కాఫీకి. నేను గొడవ పడ్డాను, మా ఆవిడ వారం మాట్లాడలేదు. కాబట్టి ఎవరు తప్పు చేశారో చెప్పడం కష్టం.

చట్టం సంగతి మాత్రం తేలిగ్గానే ఉంది. అడక్కుండా బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలపకూడదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమై ఇస్తే టిప్పు, బిల్లులో బలవంతంగా వేస్తే చెల్లదు. తీయనంటే 1915కి ఫోన్ చేస్తున్నానని వాళ్ల ముందే నంబర్ నొక్కండి, సిస్టమ్ వెంటనే బాగవుతుంది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మా వీధి బేకరీలో మాత్రం ప్లమ్ కేకు రేటు అంగుళం కదల్లేదు. అడిగితే "వెన్న పెరిగింది సాబ్" అన్నాడు.

మండీ తినడానికి వెళ్తే మయోనీస్ అడిగినకొద్దీ పోస్తున్నారు. తినొచ్చా?
— కాలేజీ బ్యాచ్, దిల్‌సుఖ్‌నగర్

పచ్చి గుడ్డుతో చేసిన మయోనీస్ వల్ల జనం జబ్బుపడి ప్రాణం దాకా పోయిందనే 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది. గుడ్డు లేనిదో, ఉడికించిన గుడ్డుతో చేసినదో అయితే తినండి, ఏదో వాళ్లు చెప్పలేకపోతే గిన్నె పక్కకి జరపండి. అయినా మండీకి మయోనీస్ ఎందుకురా నాయనా. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌కి వెళ్లి, కింద కూర్చుని, పెద్ద పళ్లెంలో నలుగురూ చేతులు పెట్టి తినండి. పక్కన ఇచ్చే టమాటా చట్నీ చాలు.

మీరెప్పుడూ పాత బేకరీలే పొగుడుతారు. గచ్చిబౌలి, కోకాపేట వైపు ఎంత మంచి క్రోసాంట్లు, సోర్‌డో బ్రెడ్లు వస్తున్నాయో చూశారా? పాతదైతే చాలు, పాడైనా పర్లేదా మీకు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కొండాపూర్

దెబ్బ సరిగ్గా తగిలింది. పాత పేరు పెట్టుకుని నిన్నటి సరుకు అమ్మే కొట్లు నాకూ తెలుసు. లుఖ్మీ కోసం ఒక పేరున్న చోటికి మధ్యాహ్నం పన్నెండున్నరకి పోతే, పొద్దున వేయించి పెట్టినవి చేతికిచ్చారు. పళ్లతో లాగాల్సి వచ్చింది. నాలుగు మూలల పొరల్లో కీమా పెట్టి, పెళ్లి విందులో మొదట్లోనే వేడిగా వడ్డించే వంటకం అది, దాన్ని అలా చంపేశారు. కొత్తవాళ్లలో బాగా చేసేవాళ్లున్నారు, ఒప్పుకుంటున్నాను. ఈస్టు ప్యాకెట్ వేసి రెండు గంటల్లో పొంగించే బదులు, పులియబెట్టిన పిండి ముద్దతో రాత్రంతా నానబెట్టి కాల్చే బ్రెడ్డుకి వచ్చే పులుపు, ఆ గట్టి పైపొర, మన పాత బేకరీల పాల బ్రెడ్డులో లేవు.

కానీ నా గోడు కూడా వినండి. రీల్ చూసి, ఆదివారం సాయంత్రం చిలకలగూడ నుంచి పాతిక కిలోమీటర్లు పోయి, యాభై నిమిషాలు పేరు రాయించుకుని నిలబడితే వచ్చిన క్రోసాంట్ పొద్దున ఎనిమిదింటిది. మైక్రోవేవ్‌లో తిప్పి ఇచ్చారు. మైక్రోవేవ్‌లో పెడితే పొరలు చపాతీ అవుతాయని ఆ అబ్బాయికి తెలీదు పాపం, చేసినాయన పొద్దునే ఇంటికెళ్లిపోయాడు. అదే చోటికి ఇంకోసారి ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్లాను, మొండివాణ్ని కదా. లైను లేదు. క్రోసాంట్ విరిస్తే ఒళ్లంతా పొట్టు రాలింది, వెన్న వాసన వేళ్లకి మధ్యాహ్నం దాకా ఉంది. పాతా కొత్తా గొడవ నాకు లేదమ్మా, మీకు కుదిరితే శనివారం పొద్దున వెళ్లి రాయండి.

దమ్ కే రోట్ ఎప్పుడు దొరుకుతాయి? రెండుసార్లు నాంపల్లి దాకా పోయి ఉత్త చేతులతో వచ్చాను.
— ఆటో డ్రైవర్, ఉప్పల్

మొహర్రం నెలలో వెళ్లు అన్నా, ముఖ్యంగా మొదటి పది రోజులు. అది ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, కాబట్టి పోయినేడు తేదీ పెట్టుకుని వెళ్తే దొరకవు. రవ్వ, నెయ్యి, కోవా, బాదం, కుంకుమపువ్వు వేసి చేసే మందపాటి రొట్టె బిస్కెట్టు అది. నిజాం ఇంట్లో మొక్కుగా అలం (మొహర్రం పీరు) దగ్గర రోట్ సమర్పించారని, అప్పట్నుంచి ఊరంతా చేస్తున్నారని పాతబస్తీలో చెప్పుకుంటారు. నాంపల్లి సుభాన్ బేకరీ ముందు ఆ రోజుల్లో లైన్లు రోడ్డు మీదికొస్తాయి. నీ ఆటో అక్కడ ఆపకు, చలానా రాస్తారు.

అన్నా, వేళ కనుక్కోండి అని రాయడం బాగానే ఉంది. కౌంటర్లో "ఫ్రెష్షేనా" అని అడిగితే ఏ బేకరీవాడైనా "అన్నీ ఫ్రెష్షే సార్, ఇప్పుడే వచ్చాయి" అంటాడు. మరి కనుక్కునేదెలా?
— కిరాణా కొట్టు యజమాని, మిర్యాలగూడ

మీకు కొట్టుంది కాబట్టి మీకు తెలియంది కాదు, కౌంటర్ మీద కూర్చున్నవాడు నిన్నటిది ముందు అమ్మాలి, అది వాడి ధర్మం. ఫ్రెష్షేనా అని ఎప్పుడూ అడగను నేను. "తర్వాత ట్రే ఎప్పుడొస్తుంది భాయ్" అంటాను. దానికి అబద్ధం చెప్పి వాడికొచ్చే లాభం లేదు. అది కూడా గల్లా దగ్గర కాదు, భుజం మీద తువ్వాలు వేసుకుని లోపలికీ బయటికీ తిరిగే కుర్రాణ్ని పక్కకి పిలిచి అడగాలి. రెండుసార్లు పోతే మీ మొహం గుర్తుపెట్టుకుంటాడు, మూడోసారి "పది నిమిషాలాగండి సాబ్" అని వాడే అంటాడు.

మా వీధి చివర బేకరీ పేరు రాయమని మీరూ అడుగుతారేమో, రాయను. ఉన్నవే నలభై దిల్‌ఖుష్‌లు, కొబ్బరి కూరినవి, మా సందుకే చాలవు. మామూలు రోజుల్లో నాలుగూ ఇరవైకి దిగుతాయి. శుక్రవారం మాత్రం నమాజ్ నుంచి వచ్చాకే బట్టీ దగ్గరికి వెళ్తారు, ఐదున్నర అవుతుంది. ఇవాళ శుక్రవారం, ఇంకా గంట టైముంది, ఈ పేజీ ఆఫీసుకి పంపించేసి వెళ్తాను.